ఎవరూ గీయని పేజీ: వీఎస్ కోడ్ సెట్టింగ్స్‌లో బగ్‌లు ఎక్కడ పుడతాయి, ఎక్కడ సరిచేయాలి

మైక్రోసాఫ్ట్ వాళ్ల కోడ్ ఎడిటర్ వీఎస్ కోడ్‌లో కంట్రోల్, కామా కలిపి నొక్కితే సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది. పైన సెర్చ్ పెట్టెలో ట్యాబ్ సైజ్ (ఒక ట్యాబ్‌కు ఎన్ని ఖాళీలు అన్న లెక్క) అని కొట్టి చూడండి. "ఎడిటర్: ట్యాబ్ సైజ్" అని ముదురు అక్షరాల్లో ఒక పేరు, దాని కింద సన్నగా వివరణ, ఆ కింద 4 అని ఉన్న చిన్న పెట్టె కనిపిస్తాయి. ఆ 4ని 2 చేసి, పాత ప్రాజెక్టులోని ఫైల్ ఒకటి తెరవండి. చాలాసార్లు ఏమీ మారదు. "ఈ సెట్టింగ్ పనిచేయట్లేదు" అని అక్కడే తేల్చేసేవాళ్లు బోలెడుమంది.

నిజానికి అది పనిచేస్తూనే ఉంది. డిటెక్ట్ ఇండెంటేషన్ అనే ఇంకో సెట్టింగ్ మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది. ఫైల్‌లో అప్పటికే ఉన్న ఖాళీలు ఎలా ఉన్నాయో చూసి, మనం పెట్టిన 2ని అది పక్కన పెట్టేస్తుంది. ఈ సంగతి వివరణలో స్పష్టంగా రాసే ఉంది, కానీ పెట్టెలో అంకె మార్చడానికి వచ్చినవాళ్లు రెండో వాక్యం దాకా ఎందుకు చదువుతారు? ప్రోగ్రామ్ లెక్కన ఇందులో బగ్ ఏమీ లేదు. వాడేవాళ్ల లెక్కన మాత్రం ఉంది, అదీ లేబుల్‌లో ఉంది.

సెట్టింగ్స్ పేజీ బగ్‌లు పైకి చాలా చిన్నవిగా కనిపిస్తాయి. ఒక పేరు తప్పుగా పడింది, ఒక వరస పక్క వరస మీదకి ఎక్కింది, చెక్‌బాక్స్ పక్కన రాసింది అర్థం కాలేదు. "ఒక్క లైన్ మారిస్తే పోయేదానికి ఇంత చర్చ ఎందుకు?" అని అడుగుతారు. ఆ ఒక్క లైన్ ఎక్కడుందో కనిపెట్టడమే అసలు పని. తప్పు తెర మీద కనిపించే చోటు, తప్పు పుట్టిన చోటు ఈ పేజీలో దాదాపు ఎప్పుడూ వేర్వేరు.

దీనికి కారణం పేజీ తయారైన తీరు. 2015లో వీఎస్ కోడ్ బయటికి వచ్చినప్పుడు బొమ్మలూ పెట్టెలూ ఉన్న సెట్టింగ్స్ తెరే లేదు. ఎడమవైపు డిఫాల్ట్ (మనం మార్చకముందున్న) విలువలన్నీ ఉన్న ఒక పొడవాటి జేసన్ ఫైల్ (పేరు, విలువ జతలుగా రాసే టెక్స్ట్ ఫైల్), కుడివైపు మన జేసన్ ఫైల్. కావలసిన లైన్ అక్కడ వెతుక్కుని ఇక్కడ రాసుకోవాలి. విమ్, ఈమ్యాక్స్ లాంటి పాతకాలపు ఎడిటర్లు వాడిన చేతులకు అది హాయిగానే ఉండేది. కొత్తవాళ్లకు ఒక కామా ఎక్కువైనా టెన్షనే. 2018లో ఇప్పటి తెర వచ్చింది. అయితే కింద ఉన్న జేసన్ ఎక్కడికీ పోలేదు. తెర దాని మీద వేసిన ముసుగు మాత్రమే.

ఆ ముసుగును మనిషి కూర్చుని గీయలేదు. ప్రతి సెట్టింగూ ఒక ప్రకటనగా ఉంటుంది: దీని కీ (కోడ్‌లో వాడే అసలు పేరు) ఇది, రకం ఇది, డిఫాల్ట్ ఇది, వివరణ ఇది. రకం అవును-కాదు అయితే తెర చెక్‌బాక్స్ పెడుతుంది. కొన్ని విలువల్లోంచి ఒకటి ఎంచుకోవాలంటే డ్రాప్‌డౌన్ పెడుతుంది. అంకె అయితే అంకెల పెట్టె. గజిబిజిగా ఉన్న ఆబ్జెక్ట్ అయితే చేతులెత్తేసి "సెట్టింగ్స్ జేసన్‌లో ఎడిట్ చేయండి" అని ఒక లింక్ ఇస్తుంది. మీరు వేసుకున్న ప్రతి ఎక్స్‌టెన్షనూ (ఎడిటర్‌కి అదనంగా చేర్చుకునే ప్రోగ్రామ్) తన ప్యాకేజ్ జేసన్ ఫైల్‌లో ఇలాంటి ప్రకటనలే రాసుకుంటుంది. వాటికీ ఇదే తెర, ఇవే నియమాలు. ఒక వరస కోసం సీఎస్‌ఎస్ (తెర మీది రూపాన్ని చెప్పే కోడ్) మారిస్తే మీరెప్పుడూ చూడని ఎక్స్‌టెన్షన్ల వరసలన్నీ మారతాయి.

ఇక పేర్ల సంగతి. "ఎడిటర్: ట్యాబ్ సైజ్" అన్న పేరును ఎవరూ టైప్ చేయలేదు. అది కీ నుంచి పుట్టింది. కీలో ఎడిటర్, చుక్క, ఆ తర్వాత ట్యాబ్, సైజ్ కలిపి రాసి ఉంటాయి. రెండో మాట మొదలైన చోట ఇంగ్లిష్ పెద్దక్షరం ఉంటుంది. కోడ్‌లోని ఒక చిన్న ఫంక్షన్ చుక్కల్ని విభాగాల మధ్య గుర్తుగా మారుస్తుంది, చిన్నక్షరం పక్కన పెద్దక్షరం వచ్చిన ప్రతిచోటా ఖాళీ పెడుతుంది, మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జేసన్ లాంటి పొడి అక్షరాల దగ్గర ఈ పద్ధతి తడబడుతుంది, ఎందుకంటే కీలో అవి మామూలు మాటల్లా రాసి ఉంటాయి. అందుకని పక్కన ఒక జాబితా పెట్టారు. అందులో ఉన్న మాట కనిపిస్తే మొత్తం పెద్దక్షరాలు చేసెయ్యమని అర్థం. గిట్‌హబ్, జావాస్క్రిప్ట్, పవర్‌షెల్ లాంటి పేర్లకు మధ్యలో పెద్దక్షరం కావాలి కాబట్టి వాటికి ఇంకో జాబితా.

జాబితాతో నడిచే పద్ధతిలో తేడా వచ్చేదెక్కడో చూడండి. మొదటి జాబితాలో సీఎస్‌ఎస్, ఎస్‌సీఎస్‌ఎస్‌లతో పాటు లెస్ అనే స్టైల్‌షీట్ భాష పేరు కూడా ఉంది. ఇంగ్లిష్‌లో తక్కువ అనే మామూలు మాట కూడా అదే. రేపు ఏదో ఎక్స్‌టెన్షన్ వాళ్లు "షో లెస్" అని అర్థం వచ్చేలా ఒక కీ పెడితే, తెర మీద లెస్ ఒక్కటే పెద్దక్షరాల్లో అరుస్తున్నట్టు కనిపిస్తుంది. ఆ ఎక్స్‌టెన్షన్ రాసినవాళ్లు తమ కోడంతా గాలించినా కారణం దొరకదు, అక్కడ తప్పేమీ లేదు మరి. ఇలాంటిదే ఇంకోటి: చిన్నక్షరం తర్వాత పెద్దక్షరం వస్తేనే ఖాళీ పడుతుంది. హెచ్‌టీటీపీ అని నాలుగు పెద్దక్షరాలు రాసి, వెంటనే ప్రాక్సీ అని పెద్దక్షరంతో మొదలుపెడితే ఆ రెండిటి మధ్య ఖాళీ రాదు. రెండు మాటలూ అతుక్కుపోయి పేరు ఒక కొసన ముద్దగా కనిపిస్తుంది.

"అయితే కీ మార్చేస్తే సరిపోతుంది కదా" అనిపిస్తుంది. సరిపోదు. ఆ కీ లక్షలమంది జేసన్ ఫైళ్లలో రాసి ఉంటుంది. ప్రాజెక్టుతో పాటు గిట్‌లో (కోడ్ మార్పులను భద్రపరిచే వ్యవస్థ) కమిట్ అయి ఉంటుంది, టీమ్‌లో అందరికీ అదే వెళ్తుంది. సెట్టింగ్స్ సింక్‌తో ఒక లాప్‌టాప్ నుంచి ఇంకో లాప్‌టాప్‌కి ప్రయాణం చేస్తుంది. కీలో ఒక్క అక్షరం మారితే పాత విలువ అనాథ అవుతుంది: ఫైల్‌లో ఉంటుంది, పట్టించుకునేవాళ్లు ఉండరు. తప్పనిసరైతే మార్పు చేస్తారు, కానీ పాత విలువను చదివి కొత్తదానికి మార్చే కోడ్ కూడా వెంట రావాలి. వర్డ్ బేస్డ్ సజెషన్స్ అనే సెట్టింగ్ ఒకప్పుడు అవును-కాదు రకం. తర్వాత దాన్ని నాలుగు విలువల డ్రాప్‌డౌన్‌గా మార్చారు. పాత ఫైళ్లలో ట్రూ అనీ ఫాల్స్ అనీ రాసుకున్నవాళ్ల విలువలు కొత్త విలువలుగా అనువదించాల్సి వచ్చింది. తెర మీద చెక్‌బాక్స్ పోయి డ్రాప్‌డౌన్ వచ్చింది, అంతే కదా అనుకుంటాం. వెనక జరిగింది డేటా మైగ్రేషన్.

కాబట్టి పేరు బాగోలేదని ఇష్యూ (బగ్ గురించి రాసిన ఫిర్యాదు) వచ్చినప్పుడు ముందుగా చూడాల్సింది తప్పు పేరును పుట్టించే ఫంక్షన్‌లో ఉందా, జాబితాలో ఉందా, కీలోనే ఉందా అని. మొదటి రెండూ అయితే సంతోషం, మార్పు చిన్నది. మూడోదైతే చాలాసార్లు పేరును అలాగే వదిలేసి వివరణను బాగు చేయడమే తెలివైన పని. వరస పక్కన ఉండే గేర్ బొమ్మ నొక్కి కాపీ సెట్టింగ్ ఐడీ అంటే అసలు కీ చేతికొస్తుంది. ఇష్యూ రాసేటప్పుడు తెర మీది పేరుతో పాటు దీన్ని కూడా అతికించండి. సరిచేసేవాళ్లకు సగం పని తగ్గుతుంది.

ఈ పద్ధతికి ఇంకో ఫలితం ఉంది. జర్మన్ లాంటి భాషా ప్యాక్ వేసుకుంటే మెనూలు, వివరణలు, పక్కనున్న విభాగాల పేర్లు ఆ భాషలోకి మారతాయి. ఒక్కో సెట్టింగ్ పేరు మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉండిపోతుంది, అది కీ నుంచి పుట్టింది కాబట్టి. తెలుగులో ఎవరు ఎంత శ్రద్ధగా ప్యాక్ తయారు చేసినా ఇదే పరిస్థితి: పైన ఇంగ్లిష్ పేరు, కింద తెలుగు వివరణ. నా ఉద్దేశంలో ఇది మరీ చెడ్డ ఏర్పాటేమీ కాదు. తెలుగులో పని చేసేవాళ్లు కూడా సాయం కోసం నెట్‌లో వెతికేది ఆ ఇంగ్లిష్ పేరుతోనే.

వివరణల్లో బగ్‌లు వేరే జాతివి. ఆటో సేవ్ డిలే అనే సెట్టింగ్ పెట్టెలో 1000 అని ఉంటుంది. వెయ్యి ఏమిటి? మిల్లీసెకన్లు. పేరులో ఆ మాట లేదు, పెట్టె పక్కన లేదు, వివరణ వాక్యం మధ్యలో ఉంది. ఐదు సెకన్లు కావాలనుకుని 5 అని కొట్టినవాళ్లకు ఏ ఎర్ర గీతా రాదు. అవును-కాదు సెట్టింగుల్లో ఇంకో చిక్కు ఉంది. తెరలో పేరు పైన ఉంటుంది, చెక్‌బాక్స్ పక్కన ఉండేది వివరణ. అంటే టిక్కు పెట్టే మనిషి చదివే లేబుల్ వివరణే. వీఎస్ కోడ్ వివరణల్లో చాలా వాటి ధోరణి "మినీమ్యాప్ చూపించాలా వద్దా అన్నది నియంత్రిస్తుంది" అన్నట్టు ఉంటుంది. డాక్యుమెంటేషన్‌కి అది సరిపోతుంది. టిక్కు పక్కన పెట్టడానికి మాత్రం అది నీరసమైన వాక్యం. "మినీమ్యాప్ చూపించు" అంటే టిక్కు పెడితే ఏం జరుగుతుందో ఆలోచించే పని ఉండదు. ఇక పేరులోనే డిసేబుల్ అని ఉండి, పక్కన టిక్కు తీసేస్తే ఆన్ అయ్యే సెట్టింగులు కొన్ని ఎక్స్‌టెన్షన్లలో ఉంటాయి. వాటిని రాసినవాళ్లు కూడా రెండుసార్లు చదువుకుంటారనుకుంటా.

ఆ చెక్‌బాక్స్ వివరణలో ఒక చిన్న ముచ్చట ఉంది. పెట్టె చిన్నది కాబట్టి పక్కనున్న వివరణ మీద ఎక్కడ నొక్కినా టిక్కు మారేలా ఏర్పాటు చేశారు. మంచిదే. కానీ వివరణల్లో లింకులుంటాయి, ఒక సెట్టింగ్ నుంచి ఇంకో సెట్టింగ్‌కి తీసుకెళ్లేవి. లింకు నొక్కితే అక్కడికి వెళ్లాలి, వెళ్తూ వెళ్తూ టిక్కు మార్చకూడదు. అందుకే కోడ్‌లో నొక్కినది లింకు అయితే టిక్కు జోలికి పోవద్దని ఒక షరతు ఉంది. ఆ ఒక్క షరతు ఎగిరిపోతే ఏమవుతుందో ఊహించండి: ఏదో చదువుదామని లింకు నొక్కిన మనిషికి తెలియకుండా సెట్టింగ్ మారిపోతుంది, అప్పటికి తెర ఇంకెక్కడికో దూకేసి ఉంటుంది.

కంటికి కనిపించే లేబుల్ సరిగ్గా ఉన్నంత మాత్రాన పని అయిపోదు. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి "పక్కన ఉంది" అన్న మాటకు అర్థం లేదు. పెట్టెకూ పేరుకూ మధ్య సంబంధాన్ని కోడ్‌లో రాయాలి. లేకపోతే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడే ప్రోగ్రామర్‌కి "చెక్‌బాక్స్, టిక్కు ఉంది" అని మాత్రమే వినిపిస్తుంది. దేనికి టిక్కు ఉందో దేవుడికే తెలియాలి. 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 (వెబ్ అందరికీ అందేలా రాసిన నియమాలు) మార్గదర్శకాల్లో ఇంకో నియమం కూడా చేర్చారు: తెర మీద కనిపించే లేబుల్ మాటలు కోడ్‌లో ఆ భాగానికి ఇచ్చిన పేరులో కూడా ఉండాలి. గొంతుతో కంప్యూటర్ నడిపేవాళ్లు తెర మీద చదివిందే పలుకుతారు కాబట్టి ఈ నియమం. వీఎస్ కోడ్‌లో మార్చిన సెట్టింగ్ ఎడమ అంచున రంగు గీత వస్తుంది కదా, అది కూడా ఒక లేబులే. చూడలేనివాళ్లకు అదే సంగతి మాటల్లో అందాలి. రంగు గీతను సరిచేసే ప్యాచ్ పంపిస్తూ ఈ సగం మర్చిపోవడం చాలా మామూలు.

ఆ గీత పక్కనే అప్పుడప్పుడు "ఆల్సో మాడిఫైడ్ ఇన్: వర్క్‌స్పేస్" అని కనిపిస్తుంది. నా మటుకు ఈ పేజీ మొత్తంలో ఎక్కువ విలువైన లేబుల్ అదే. ఒకే సెట్టింగ్‌కు డిఫాల్ట్, యూజర్, వర్క్‌స్పేస్ (తెరిచిన ప్రాజెక్టు), ఫోల్డర్ అని అంతస్తులుంటాయి. లోపలి అంతస్తుదే పైచేయి. యూజర్ ట్యాబ్‌లో ఎంత మార్చినా ప్రాజెక్టు ఫైల్‌లో వేరే విలువ ఉంటే అదే నడుస్తుంది. "పనిచేయట్లేదు" అన్న ఫిర్యాదుల్లో కొన్నిటికి జవాబు ఆ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. తెర ఇరుకైనప్పుడు అలాంటి లేబుల్ కత్తిరించుకుపోతే అది అందానికి సంబంధించిన బగ్ కాదు.

లేఅవుట్ బగ్‌లు చాలావరకు తెర ఇరుకైనప్పుడే బయటపడతాయి. ఎందుకో అర్థం కావాలంటే ఈ జాబితా ఎలా నడుస్తుందో తెలియాలి. సెట్టింగులు వందల్లో ఉంటాయి, ఎక్స్‌టెన్షన్లు కలిస్తే ఇంకా ఎక్కువ. అన్నిటినీ ఒకేసారి తెర మీద నిలబెడితే ఎడిటర్ నత్తలా నడుస్తుంది. అందుకని కనిపించే వరసల్నే సృష్టిస్తారు, స్క్రోల్ చేస్తుంటే వెళ్లిపోయిన వరసల పెట్టెల్నే కొత్త వరసలకు మళ్లీ వాడతారు. ప్రతి వరసా ఎక్కడ కూర్చోవాలో పైనున్న వరసల ఎత్తులన్నీ కూడితే తేలుతుంది. ఎత్తు మాత్రం ముందే తెలియదు. ఒక వివరణ ఒక లైనుంటుంది, ఇంకోటి ఆరు లైన్లుంటుంది. కాబట్టి వరసను ఒకసారి వేసి కొలుస్తారు, కొలతను గుర్తుపెట్టుకుంటారు.

ఇప్పుడు సైడ్‌బార్‌ని పక్కకి లాగారనుకోండి. వెడల్పు తగ్గింది, రెండు లైన్ల వివరణ మూడు లైన్లయింది. ఎత్తు మళ్లీ కొలవకపోతే మూడో లైను కింది వరస నెత్తిన పడుతుంది. ఫైళ్లను దాచే సెట్టింగ్‌లో కొత్త ప్యాటర్న్ చేర్చడానికి ఇంకో గడి తెరుచుకున్నా ఇదే కథ: లోపల ఎత్తు పెరిగింది, ఆ సంగతి జాబితాకు ఎవరో ఒకరు చెప్పాలి. ఇలాంటి బగ్ చూసి వెంటనే సీఎస్‌ఎస్ ఫైల్ తెరిచి మార్జిన్ పెంచేవాళ్లున్నారు. ఆ ఒక్క వరసకు అప్పటికి సర్దుకుంటుంది, మిగతా వాటికి వృథా ఖాళీ మిగులుతుంది. ముందు ఒక పరీక్ష చేయండి: విండో అంచుని కొద్దిగా లాగి వెడల్పు మార్చండి. వరసలు సర్దుకుంటే కొలత మళ్లీ తీయించాల్సిన చోట తీయించలేదని అర్థం, మందు టైప్‌స్క్రిప్ట్‌లో (వీఎస్ కోడ్‌ను రాసిన భాష) ఉంది. ఎంత లాగినా అలాగే ఉంటే అప్పుడు సీఎస్‌ఎస్ చూడొచ్చు.

సీఎస్‌ఎస్ దాకా వచ్చాక అనుమానించాల్సిన మొదటి ముద్దాయి ఫ్లెక్స్ పెట్టె, అంటే భాగాలను వరసగా సర్దే సీఎస్‌ఎస్ పద్ధతి. ఫ్లెక్స్ వరసలో ఉన్న భాగం తన లోపలి పొడవైన మాట కన్నా సన్నబడటానికి ఒప్పుకోదు, దాని కనిష్ఠ వెడల్పు డిఫాల్ట్‌గా ఆటో. ఖాళీల్లేని పొడవాటి ఫైల్ దారి ఒకటి ఆ గడిలో పడితే గడి మొత్తం సాగి, పక్కనున్న బటన్లను తెర బయటికి నెడుతుంది. కనిష్ఠ వెడల్పు 0 అని రాస్తే చాలాసార్లు ఇట్టే సర్దుకుంటుంది. వీఎస్ కోడ్ ఎలక్ట్రాన్ (బ్రౌజర్ ఇంజిన్‌తో డెస్క్‌టాప్ యాప్‌లు నడిపే వేదిక) మీద నడుస్తుంది కాబట్టి ఇదంతా బ్రౌజర్‌లో చూసినట్టే చూడొచ్చు. హెల్ప్ మెనూలో డెవలపర్ టూల్స్ తెరిస్తే ఎడిటర్ తన పేగులు తానే చూపిస్తుంది.

తెలుగు వాడేవాళ్లు ఇక్కడ ఒక విధంగా మంచి టెస్టర్లు. ఎక్స్‌టెన్షన్ వివరణను తెలుగులో రాయడానికి అడ్డేమీ లేదు, విండోస్ 8 నుంచీ ఉన్న నిర్మలా యూఐ ఫాంట్ అక్షరాలను చూపిస్తుంది. అయితే ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా ఎవరైనా లైను ఎత్తును పిక్సెళ్లలో బిగించి, మిగిలింది దాచెయ్యమని రాశారా, "రాష్ట్రం" లాంటి మాటలో కింది ఒత్తులు తెగిపోతాయి. డ్రాప్‌డౌన్‌లోనూ బటన్ల మీదా ఈ తెగుడు ముందుగా కనిపిస్తుంది. పరిష్కారం ఎత్తును ఇంకో 4 పిక్సెళ్లు పెంచడం కాదు, రేపు ఇంకో ఫాంట్ వస్తుంది. ఎత్తును లోపలి అక్షరాలకు వదిలేసి, కనిష్ఠం మాత్రం చెప్పడం మేలు. అక్షరాలు పెద్దవి చేసుకునేవాళ్లకూ అదే పనికొస్తుంది. వీఎస్ కోడ్‌లో జూమ్ ఒక్కో మెట్టుకు 20 శాతం పెరుగుతుంది, మూడు నాలుగు మెట్లెక్కితే పెద్ద మానిటర్ కూడా ఇరుకు తెర అవుతుంది.

లేఅవుట్ బగ్, లేబుల్ బగ్ రెండూ ఒకేరోజు వస్తే నేను ముందు లేబుల్‌నే తీసుకుంటాను. వరస వరస మీద పడితే అందరికీ కనిపిస్తుంది, పది మంది స్క్రీన్‌షాట్లు పెడతారు, అదెలాగూ ఆగదు. లేబుల్ తప్పుదారి పట్టిస్తే స్క్రీన్‌షాట్‌లో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మనిషి తప్పు విలువ పెట్టుకుని, ఎడిటర్‌ని తిట్టుకుని వెళ్లిపోతాడు. ఇష్యూ కూడా రాయడు.

సరిచేశాక చూడాల్సిన చోట్లు కూడా అంత సూటిగా ఉండవు. ఒకే వరస విభాగంలో ఒకలా, సెర్చ్‌లో ఇంకోలా కనిపించవచ్చు. విభాగంలో ఉన్నప్పుడు దాని పేరు మళ్లీ చెప్పక్కర్లేదని ముందు భాగాన్ని కత్తిరించే ఏర్పాటు కోడ్‌లో ఉంది. సెర్చ్ ఫలితాల్లో అదే కత్తిరింపు జరిగితే వట్టి "ఎనేబుల్డ్" అని మిగులుతుంది, ఏది ఎనేబుల్ అయిందో తెలియదు. కాబట్టి విభాగంలో, సెర్చ్‌లో, వర్క్‌స్పేస్ ట్యాబ్‌లో, పక్క విషయసూచిక మాయమయ్యేంత ఇరుకు తెరలో ఒకసారి చూడాలి. తర్వాత మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతో నడవాలి, స్క్రీన్ రీడర్ వేసి వినాలి.

ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్లు వీఎస్ కోడ్ వాళ్ల కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. డ్రాప్‌డౌన్‌లో జేసన్ విలువలు అలాగే పచ్చిగా కనిపించకుండా ఒక్కో విలువకూ వేరే పేరు, పక్కన వివరణ రాసుకోవడానికి ప్యాకేజ్ జేసన్‌లో వీలుంది. పాతబడిన సెట్టింగ్‌కు "దీని బదులు ఫలానాది వాడండి" అని సందేశం పెట్టొచ్చు. మార్క్‌డౌన్ డిస్క్రిప్షన్ అనే గడిలో రాసే వివరణలో ఇంకో సెట్టింగ్ కీని హ్యాష్ గుర్తుల మధ్య పెట్టి, బ్యాక్‌టిక్కుల్లో (` గుర్తుల్లో) రాస్తే అది లింకు అవుతుంది. కీలో ఒక్క అక్షరం తేడా ఉంటే లింకు దారి తప్పుతుంది, కాబట్టి రాశాక ఒకసారి నొక్కి చూడండి. వరస క్రమం చెప్పకపోతే సెట్టింగులు అక్షర క్రమంలో పడతాయి. అప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సిన ఎనేబుల్, దానిమీద ఆధారపడ్డ మూడు నాలుగు సెట్టింగుల కింద ఎక్కడో తేలుతుంది. ఆర్డర్ అనే గడిలో 1 అని రాస్తే పైకి వస్తుంది.